చేపను చూసే వేలు

ఏలూరు నుంచి ఆకివీడు వెళ్లే బస్సులో నా పక్కన చేపలమ్మే ఆవిడ కూర్చుంది. నేను మందుబిళ్ల వేసుకోవడం చూసి, "బీపీకాండీ? కాళ్లు చూసుకుంటున్నారా?" అంది.

ఆమెవీ బీపీ, గుండె మందులే. కొత్త బిళ్ల మొదలెట్టిన నెలకి కాళ్లు బరువెక్కాయట.

"నిలబడలేకపోతే నాకు బజారే లేదండీ. రోజంతా నిలబడితే వాచిపోవా అన్నాడు మా ఆయన. బిళ్ల మానెయ్యమంది తోడికోడలు. నేను చేపని నొక్కినట్టు చీలమండ దగ్గర నొక్కి చూశానండీ. పడిన గుంట అలాగే ఉండిపోయింది. తాజా చేపకి గుంట నిలవదు కదండీ."

బిళ్ల మానకుండా డాక్టరు దగ్గరికే వెళ్లింది. ఆ మందుతో కొందరికి వాపు వస్తుందని ఆయన వేరేది రాశాడు.

"ఎలా కనిపెట్టావమ్మా అన్నారండీ. నలభై ఏళ్లుగా ఈ వేలు బాగుందన్న చేపనే ఊరంతా తింటోంది, నా కాలి సంగతి చెప్పలేదా అన్నాను."

కుచ్చిళ్లు కాస్త జరిపి, నొక్కి చూపించింది. గుంట నిలవలేదు. బస్సులో అందరూ చూడాలన్నట్టు మళ్లీ నొక్కింది.

రోజూ చెప్పులు వేసుకునే ముందు నేనూ నొక్కి చూసుకుంటాను. ఆ వేలికున్న నమ్మకం నా వేలికి ఇంకా రాలేదు.