బావ నమ్మని సూది

అబద్ధాలు చెప్పడంలో సూరత్ తెలుగువాళ్లలో నాకు మంచి పేరుంది. హజీరా రేవుకు కాళ్లున్న ఓడ ఒకటి వచ్చిందనీ, నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు అది బురదలో నడిచిపోతుందనీ ఓసారి నా ఇడ్లీబండి దగ్గర చెప్పాను. కడోదరాలో మగ్గాలు నడిపే మా బావ అది నమ్మడమే కాదు, సెలవునాడు ఇద్దరు దోస్తులను వెంటేసుకుని చూడటానికి కూడా పోయాడు. అలాంటి మనిషికి నిజం చెప్పబోయి భంగపడ్డాను.

నిజం ఇదీ. మా అక్క కూతురికి పద్నాలుగేళ్లు. గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ రాకుండా సర్కారు దవాఖానలో టీకా వేస్తున్నారని బడిలో చెప్పారు. అక్క సరేనంది. బావ కూడా అనాలి. అనలేదు.

"పెండ్లిగాని పిల్లకు గదెందుకు? రేపు దానికి పిల్లలు పుట్టకుంటె నువ్వు జవాబిస్తవా, బామ్మర్దీ?"

ఈ మాట షేర్ ఆటోలో ఎవరో అన్నారట. మోకాలికి మోకాలు తగిలేలా కూర్చున్నవాడు డాక్టరు కంటే దగ్గరివాడు కదా!

తెలిసినంత విడమరిచి చెప్పాను. ఆ జబ్బుకు మూలం ఒక వైరస్, అది ఎక్కువగా కాపురం మొదలయ్యాకే అంటుకుంటుంది, అంటుకోకముందు వేస్తేనే టీకా బాగా పనిచేస్తుంది, పిల్లలు పుట్టరన్నది ఉత్తమాట అన్నాను. 'గర్భసంచి' దగ్గరికి వచ్చేసరికి నేను గొంతు తగ్గించాను, బావ ఫ్యాన్ వైపు చూశాడు.

"నువ్వు చెప్పినవంటె గది పక్కా ఝూట్."

"ఓడ నడిచిందంటె నమ్మితివి గద!"

"ఓడ సంగతి వేరు. అండ్ల నా బిడ్డ లేదు."

గడపలో లెక్కలు చేసుకుంటున్న మేనకోడలు తలెత్తింది.

"పప్పా, నిన్న గంజి సరిగ్గ పెట్టలేదని పడుగు వాపస్ పంపినవ్ గద. అప్పటికే దారాలు తెగినయా?"

"తెగేదాంక ఆగుతరా? తెగినంక గంజి పెడితె ఏం ఫాయిదా? ముందుగాలనే..." అని ఆగిపోయాడు.

"చెప్పు చెప్పు, ఆగినవేంది?" అంది అక్క, గిన్నెలు తోముతూనే.

బావ మీసం తడుముకున్నాడు. "డాక్టరమ్మను నేనే అడుగుత," అన్నాడు చివరికి.

దవాఖానలో డాక్టరమ్మ మన తెలుగామే. బావ అడిగినవన్నీ విని, నేను చెప్పిన జవాబులే చెప్పింది. ఆయన ప్రతిదానికీ తలూపి నావైపు తిరిగాడు. "విన్నవా, బామ్మర్దీ? తెల్వనిది తెలిసినోళ్లను అడగాలె."

టీకా వేశారు. "బస్? ఇంతేనా?" అంది పిల్ల, చేయి రుద్దుకుంటూ.

అప్పుడు డాక్టరమ్మ చూపు అక్క మీద పడింది. టీకా వేసుకున్నా పెద్దయ్యాక ఆ క్యాన్సర్‌ను ముందే పట్టే పరీక్ష మానకూడదనీ, అక్క వయసువాళ్లకైతే పరీక్షే దారి అనీ చెప్పి, "మీరెప్పుడైనా చేయించుకున్నారా?" అని అడిగింది.

వారమంతా బావతో యుద్ధం చేసిన మా అక్క కొంగు సర్దుకుని లేచింది. "నాకేమైంది? మంచిగనే ఉన్న. పొయ్యిమీద పప్పు పెట్టొచ్చిన."

బావ తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. "పొయ్యి నేనే ఆర్పొచ్చిన. మంచిగున్నప్పుడే చెయ్యాలె గద, డాక్టరమ్మా?"

నేనేదైనా మంచి అబద్ధం అందిస్తానేమోనని అక్క నావైపు చూసింది. ఆ పూట నా దగ్గర ఒక్కటీ లేదు. చేతిసంచి నా ఒళ్లో విసిరేసి తెరవెనక్కి పోయింది, నా ఏడు తరాలనూ తిట్టుకుంటూ. ఆ తరాలు తనవి కూడానని ఆ కోపంలో తోచలేదు.