బావ ఎగరేసిన నాణెం

ఎనభైల మొదట్లో నేను తిరువళ్ళూరులో ఒక కాలేజీలో లెక్కల లెక్చరర్ని. రోజూ తిరుత్తణి నుంచి రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. మా ఇంట్లో అందరూ నేతపనివాళ్ళు, చదువు వైపు మళ్ళింది నేనొక్కణ్ణే. ఆ ఏడు మా కాలేజీలో రెండు రోజుల సదస్సు పెట్టారు. యంత్రం ఏ లెక్క చేయగలదు, ఏది ఎప్పటికీ చేయలేదు అన్నది విషయం. నేనూ ఒక పేపరు చదువుతానని పేరిచ్చాను.

నేను చెప్పదలచుకున్నది చిన్న సంగతే. బొమ్మా బొరుసులను మా వైపు తల, పూవు అంటారు. తల తర్వాత పూవు, పూవు తర్వాత తలగా వెయ్యి సార్లు సాగే వరసను ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. నాణెం ఎగరేస్తే వచ్చే వరసను అలా కుదించలేం, మొత్తం రాసి చూపించాల్సిందే. ఏ సూత్రానికీ లొంగని అలాంటి వరసే నిజమైన యాదృచ్ఛికం.

ఉదాహరణకు ఒక వరస కావాలి. పరీక్ష పేపర్లు దిద్దే పనిలో నాకు తీరలేదు. మా అక్క భర్త, బావ, మగ్గం మీద పడుగు నూలు అయిపోయి రెండు రోజులు ఖాళీగా ఉన్నాడు. తాను ఎగరేస్తానన్నాడు. పేజీకి వంద చొప్పున పది పేజీలు గుండ్రని అక్షరాలతో నింపి ఇచ్చాడు. పేపర్లో మాత్రం నేనే ఎగరేశానని రాసుకున్నాను. బావ పేరు రాస్తే బాగుండదనిపించింది.

నేను చదవడం అయ్యాక ముందు వరసలోంచి ఒక పెద్ద ప్రొఫెసరు లేచారు. పొరుగు రాష్ట్రం నుంచి వచ్చినాయన. ఈ నాణెం మీరే ఎగరేశారా అని మర్యాదగా అడిగారు. అవునన్నాను. ఆయన నేను పంచిన ఆ పది పేజీల కాపీలు పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చారు. మొదటి రెండు పేజీలు బాగున్నాయట. మూడో పేజీ నుంచి మాత్రం ఒకే ముఖం నాలుగు సార్లు వస్తే అయిదోసారి తప్పకుండా మారిపోతోంది. అంటే ఆ అయిదోదాన్ని రాయకుండానే చెప్పవచ్చు, వరసను కుదించవచ్చు. ఇది నాణెం చేసిన పని కాదు, మనిషి చేసిన పని అన్నారు.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కాస్త నయంగా ఉండేది. ఎప్పుడు కూర్చున్నానో కూడా గుర్తులేదు.

సాయంత్రం ఇంటికి పోతూనే మగ్గం దగ్గర నిలబడి అడిగాను.

"బావా, నిజంగా ఎగరేసినావా, తోచింది రాసినావా?"

"వెయ్యి తూర్లూ ఎగరేసినానప్పా. మీ అక్క చూసినాది."

పక్కనే నూలు కండెలు చుడుతున్న అక్క అవునన్నట్టు తలూపింది. మరి మూడో పేజీ నుంచి వరసగా అయిదు ఎందుకు పడలేదని నిలదీశాను. బావ పోగు నడిపే ఆసును పక్కన పెట్టాడు.

"పడినాయి. మూడో పేజీలో వరసగా తొమ్మిది తలలు పడినాయి. నాకు గుండె దడదడా కొట్టుకున్నాది. అట్లే రాసిస్తే పెద్దోళ్ళు నిన్ను యేమనుకుంటారు? అందుకని ఆడ నుంచి నాలుగు దాటితే ఒకటి మార్చి రాసినాను. పోగు తప్పితే సరిచేసుకోమా?"

తిట్టాలని వచ్చినవాణ్ణి మగ్గం పక్కనే కూర్చున్నాను. నా పరువు కాపాడాలనే ఆయన దిద్దాడు. వెయ్యి సార్లు ఎగరేస్తే అలాంటివి పడటం మామూలేనని, ఆ తొమ్మిది తలలే అసలైన సాక్ష్యమని, అవి ఉండి ఉంటే ఎవరూ వేలెత్తి చూపేవారు కాదని చెప్పాను. బావ ముఖం పాలిపోయింది. ఒప్పును తప్పనుకున్నానా అని తనలో తనే గొణుక్కున్నాడు.

మర్నాడు పొద్దున సభ మొదలవకముందే ప్రొఫెసరును కలిసి, ఎగరేసింది నేను కాదని, నిన్న అబద్ధం చెప్పానని ఒప్పుకున్నాను. తర్వాత బావ సంగతి చెప్పాను. ఆయన ఇదంతా అందరి ముందూ చెప్పగలరా అన్నారు. వేదికెక్కి చెప్పాను. మా ప్రిన్సిపాల్ తల దించుకుని కూర్చున్నాడు.

సదస్సు పేపర్లన్నీ పుస్తకంగా వచ్చినప్పుడు అందులో నాది లేదు. బావ అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాను. ఇంకోసారి కావాలంటే ఎట్లా పడితే అట్లే రాసిస్తానన్నాడు. సరేనన్నాను గానీ, మళ్ళీ అడగడానికి నాకు మనసు రాలేదు.