నీళ్ళు పెట్టిన బోదగడ్డి

మొన్న గిద్దలూరు పోతుంటే దారిలో ఒక కొత్త ప్లాట్ల వెంచర్ ముందు బస్సు ఆగింది. ఆ గేటు వెడల్పు ఏమని చెప్పను, మార్కాపురం జనమంతా మంచాలు నెత్తిన పెట్టుకుని వరసగా ఒకేసారి లోపలికి పోవచ్చు. గేటుకి రెండు పక్కలా సిమెంటు తొట్లలో ఎర్రటి కంకులేసుకుని బోదగడ్డి నిలబడి ఉంది. మా చేని గట్టుమీద, రాళ్ళ మధ్య, ఎవరూ నాటకుండా పుట్టిన, కొట్టాలు కప్పుకునే గడ్డే. ఇక్కడ మాత్రం మెడలో ఇంగ్లీషు పేరున్న అట్టముక్క వేసుకుంది. తోటమాలి పైపు పట్టి దానికి నిలువునా స్నానం చేయిస్తున్నాడు. కిటికీలోంచి దూకి ఆ పైపు లాక్కుందామనిపించింది. నా పొట్ట ఇరుక్కుంటే బస్సును కోయాల్సి వస్తుందని ఊరుకున్నాను.

బోదగడ్డి అంటే నాకు మా పెదనాయన. వయసులో ఉన్నన్నాళ్ళూ పలకల ఫ్యాక్టరీలో రాయి కోసినాడు. దేశంలో సగంమంది అక్షరాలు దిద్దిన పలకలు ఆయన కోసినవేనని నా వాదన. ఆ రాళ్ళ దుమ్మంతా ఆయన ఊపిరితిత్తుల్లో పేరుకుంది. ఆయన దగ్గితే కురిచేడు స్టేషన్లో రైలు కూత అనుకుని జనం సంచులు సర్దుకునేవాళ్ళని నేను ఊరంతా చెప్పేవాణ్ణి. ఆయనకూ చెప్పినాను. నవ్వబోయి దగ్గినాడు.

ఎండాకాలం మిద్దె కింద ఆయనకు ఊపిరాడేది కాదు. చేని దగ్గర బోదకొట్టంలో మంచం వేస్తే మాత్రం మనిషి మళ్ళీ మనిషయ్యేవాడు. పైన మూరెడు మందాన గడ్డి, కింద చల్లని నేల, నిమ్మతొక్క నలిపినట్టు పలచని వాసన. ఆ కప్పు నాలుగేళ్ళకొకసారి మార్చాల. అందుకే గట్టుమీద గడ్డిని ఆయన కన్నకూతురిలా కాచుకునేవాడు. కాచుకోవడమంటే ఏమీ చేయకపోవడం. కంకి రాలి గింజ నేలబడే దాకా కొడవలి పెట్టడు. కోసినాక గాలిలేని పొద్దున చూసి మోళ్ళకు నిప్పు పెడతాడు. తొలివానకు అదే చిగురేస్తుంది.

కప్పు మార్చాల్సిన ఏడాదే, వానలు మొదలవుతుండగా, ఆయన్ని ఒంగోలు ఆసుపత్రిలో చేర్చినారు. గడ్డి బాధ్యత నాకొచ్చింది. ఏం చెయ్యాల పెదనాయనా అని అడిగినాను.

"ఏం చెయ్యొద్దు. పశువుల్ని పోనీకుంటే చాలు."

అంత తేలిక పని నాలాంటి మేధావికి అప్పగించడమే పొరపాటు. నాకు బోరు ఉంది, కరెంటు ఉంది, పెదనాయన మీద చెప్పలేనంత ప్రేమ ఉంది. వారానికి రెండు తడులు పెట్టినాను. అక్షింతలు చల్లినట్టు యూరియా చల్లినాను. గడ్డి తాటిచెట్లతో పోటీపడింది. దాన్ని చూడ్డానికి హనుమంతునిపాడు నుంచి కూడా జనం వస్తున్నారని చాటింపు వేసుకున్నాను. నిజానికి వచ్చింది ఒక్కడే, తప్పిపోయిన మేకను వెతుక్కుంటూ.

చలి తగ్గినాక పెదనాయన్ని ఇంటికి తెచ్చినారు. కప్పు వేయడానికి పెద్దమ్మ తమ్ముడు, గొర్రెల మామ, వచ్చినాడు. కోసి ఆరబెట్టిన కట్టలోంచి ఒక పుల్ల తీసి రెండు వేళ్ళతో నొక్కితే అది పిండిలా నలిగింది. మామ నా ముఖం చూసినాడు.

"ఏంది అల్లుడూ ఇది? బోద కోయించినావా, తోటకూర కోయించినావా?"

వేరే గడ్డి లేదు. అడవిలో కోయనియ్యరు. ఉన్నదే కప్పినాడు. ఎండలు ముదరకముందే ఒక్క వాన కురిసింది, అదీ గంటసేపు. పాత కప్పయితే దులుపుకునేది. ఇది మాత్రం నీళ్ళన్నీ తాగి, వారానికంతా నల్లగా బూజు పట్టింది. ఆ బూజు వాసనకు పెదనాయన దగ్గు ఆగలేదు. మామ కప్పు పీకేసినాడు. రేకులు వేసినాం.

నా అంతట నేను పెదనాయనకు నిజం చెప్పలేదు. ఆయనా వెంటనే అడగలేదు. ఒకరోజు మధ్యాహ్నం, పైన రేకులు టపటపా అంటుంటే, మంచం పక్కన విసనకర్రతో విసురుతున్న నన్ను ఆపి అడిగినాడు.

"నీళ్ళు పెట్టినావా?"

"పెట్టినాను పెదనాయనా."

"ఎరువు?"

"అది కూడా."

కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. నా చేతిమీద చెయ్యి వేసినాడు.

"బాగా చూసుకున్నావులే నాయనా."

తిట్టి ఉంటే ఈ పాటికి దాన్ని పదింతలు చేసి పది పెళ్ళిళ్ళలో చెప్పి నవ్వించి ఉండేవాణ్ణి. ఆ మాటను మాత్రం ఇంత వయసొచ్చినా ఒక్క ఇంచు పెంచలేకపోయినాను. రోహిణికార్తె దాటకుండానే, ఆ రేకుల కిందనే, పెదనాయన పోయినాడు.

బస్సు కదిలింది. తోటమాలి ఇంకా తడుపుతూనే ఉన్నాడు. మా గట్టు వైపు నేను మళ్ళీ పోలేదు. పట్టించుకునేవాళ్ళు లేక గడ్డి మూడేళ్ళలో పాత గట్టిదనానికొచ్చిందని మామ చెప్పినాడు. ఇప్పుడు కోస్తే కొట్టం బ్రహ్మాండంగా కప్పొచ్చునంట. కాలం తన పని శుభ్రంగానే చేస్తుంది, కాకపోతే ఎవరికోసం చేయాలో వాళ్ళు ఉన్నారా అని ముందుగా వచ్చి అడగదు.