నేను టైపు కొట్టనన్న మాట

1961 జూన్‌లో నన్ను గూడూరులోని ఒక అభ్రకం ఎగుమతి కంపెనీలో కరస్పాండెన్స్ గుమాస్తాగా వేసుకున్నారు. విదేశీ కొనుగోలుదారులకు ఉత్తరాలు రాయడం, టైపు కొట్టడం, నకలు ఫైలులో పెట్టడం నా పని. నాకు పైన మేనేజరు, ఆయనకు పైన మద్రాసులో ఉండే యజమాని. నాకు కింద ఎవరూ లేరు.

అభ్రకం పని తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. గనిలోంచి దిమ్మలుగా వచ్చినదాన్ని ఆడవాళ్లు కొడవళ్లతో అంచులు కోసి, రేకులుగా విడదీసి, ఒక్కొక్కటీ కిటికీ వెలుగుకు ఎత్తి చూస్తారు. మచ్చ లేనిది ఒక రకం, కాస్త మచ్చ ఉన్నది ఇంకో రకం, నల్లచుక్కలున్నది అన్నిటికన్నా నాసి. ఆ చుక్కల్లో ఇనుము ఉంటుంది. అలాంటి రేకును కరెంటు పరికరంలో వేస్తే ఆ పరికరం చెడినట్టే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైతే రేకులు ఎగిరిపోతాయని తూర్పు కిటికీలు మూసేసేవాళ్లు. ఆ తర్వాత చూపు ఇంకా పదునుగా ఉండాలి. అంత చూపున్న మనిషి మా దగ్గర సుబ్బమ్మక్క. ఏరే బల్లకు ఆమే పెద్ద. తను ఏరిన ప్రతి పెట్టెలోనూ తన బల్ల నంబరున్న చీటీ పెట్టించేది.

మా కొనుగోలుదారుల్లో బార్సిలోనా కంపెనీ ఒకటి స్పానిష్‌లో తప్ప రాసేది కాదు. ఆ ఉత్తరాలు మద్రాసు పంపి చదివించుకునేసరికి పక్షం రోజులు పట్టేది. నాకు చిరాకేసి, మద్రాసు మూర్ మార్కెట్‌లో పాత స్పానిష్ వాచకం ఒకటి, నిఘంటువు ఒకటి కొనుక్కుని, ఏడాదిలో పని జరిగేంత నేర్చుకున్నాను. ఉచ్చారణ సంగతి దేవుడెరుగు, రాత మాత్రం వచ్చింది.

ఇష్టం చెప్పడానికి ఆ వాచకంలో రెండు క్రియలు ఉన్నాయి. మామూలుగా నచ్చితే ‘గుస్తార్’. మనసు పారేసుకునేంత నచ్చితే ‘ఎన్‌కాంతార్’. రెండోది వ్యాపారపు ఉత్తరంలో ఎవరూ రాయరు. సరుకు గురించి గట్టి మాట అంటే రేపు దాన్నే పట్టుకుని నిలదీస్తారని మా రంగంలో భయం. 1963లో సుబ్బమ్మక్క బల్ల మీదినుంచి ఆకుపచ్చ అభ్రకం లాటు, అంటే ఒక విడత సరుకు, దిగింది. ఒక రేకు వెలుగులో పట్టుకుని చూశాక నేను ఆగలేకపోయాను. ‘మే ఎన్‌కాంతా’ అని కొట్టాను. ఈ లాటు నాకెంతో నచ్చేసింది అని. కింద మూలన రివాజు ప్రకారం నా పొడి అక్షరాలు, దే.దా. అని, ఇంగ్లీషు లిపిలో వేశాను. నా పేరు దేవదానం.

బార్సిలోనా వాళ్లు ఆ పెట్టెలు విప్పి చూసి, మీ మాట నిజమేనని రాశారు. అప్పటినుంచి ఒక పద్ధతి ఏర్పడింది. మామూలు లాటయితే పెట్టెలు విప్పి తనిఖీ చేస్తారు. నా ఉత్తరంలో ఆ మాట ఉంటే మాత్రం పెట్టెలు నేరుగా కత్తిరింపు గదికి పోతాయి. ఆ తర్వాత రెండేళ్లలో నేను దాన్ని రెండుసార్లే వాడాను.

ఈ పద్ధతి మేనేజరు గారు కనిపెట్టారు. ఆయనకు స్పానిష్ రాదు కానీ ఆ మాట ఆకారం తెలుసు. ఫైలులో ఎర్ర పెన్సిలుతో గీత గీసి పెట్టుకున్నారు. 1965లో ఒక లాటులో పైనా కిందా మంచి రేకులు పెట్టించి, నడుమ చుక్కల సరుకు నింపించారు. నా ఉత్తరం చూసి వెనక్కి ఇచ్చారు.

“ఆ మాట లేదే దేవదానం.”

“ఆ సరుకు నాకు నచ్చలేదు సార్.”

“నీకు నచ్చేదేంది? కంపెనీకి నచ్చింది.”

“అయితే కంపెనీనే కొట్టుకోమనండి సార్.”

పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాణ్ణి. భయం లేదంటే అబద్ధం. కోపం మాత్రం భయం కంటే ఎక్కువగా ఉంది. ఆయన పాత ఉత్తరం ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం వెతుక్కుంటూ తనే కొట్టారు. పొడి అక్షరాలు వెయ్యమన్నారు. వెయ్యలేదు. సుబ్బమ్మక్కను పిలిచి చీటీలు అడిగారు. ఆమె గుమ్మం దగ్గరే నిలబడింది.

“అది నేను ఏరిన సరుకు కాదు సార్. నా చీటీ దాంట్లో పడిందంటే రేపట్నుంచి బల్లకాడికి రాను. మీరే కూచోని ఏరుకోండి.”

చీటీలు లేకుండానే పెట్టెలు బార్సిలోనాకు పోయాయి. ఆమెను పనిలోంచి తీసేస్తే బల్ల నడవదు. అందుకని ఉత్తర్వు నాకొక్కడికే వచ్చింది. సైదాపురం గని దగ్గర స్టోర్సు గుమాస్తాగా బదిలీ. పారలు, గంపలు, లాంతర్లు ఇచ్చి పుచ్చుకోవడం అక్కడి పని. వెళ్లాను. సంజాయిషీ రాయమన్నారు, రాయలేదు.

మూడు నెలలకు గని దగ్గరికి ఆఫీసు జీపు వచ్చింది. బార్సిలోనా నుంచి ఉత్తరం వచ్చిందట, చదివే దిక్కు లేదట. మేనేజరు గారి ఎదుట నిలబడి పైకే చదివి తెలుగులో చెప్పాను. పైనా కిందా మంచి సరుకు, నడుమ మోసం ఉంది. ఆ మాట ఉన్న ఉత్తరం కింద ఎప్పుడూ ఉండే రెండక్షరాలు లేవు, పెట్టెల్లో చీటీలు లేవు, అందుకే అన్నీ విప్పి చూశాం. సరుకు తిప్పి పంపుతున్నాం. ఆ అక్షరాలు లేని ఉత్తరం ఇకమీదట మాకు పంపవద్దు.

“అట్టనే రాసినారా?” అన్నారాయన.

“అనుమానముంటే మద్రాసు పంపించండి సార్. పక్షం రోజుల్లో తెలిసిపోతుంది.”

ఆయన పంపలేదు. నన్ను మళ్లీ నా కుర్చీలో కూర్చోబెట్టారు. బదులు సరుకు సుబ్బమ్మక్క బల్ల మీదినుంచే పోవాలన్నాను, ఒప్పుకున్నారు. ఆమె మూడు వారాలు ఏరింది, చీటీలు పెట్టించింది. నేను ఉత్తరం కొడుతుంటే మేనేజరు గారు వెనక నిలబడి కాగితం మీద ఆ మాట కోసం వెతికారు.

“ఇప్పుడన్నా వేస్తావా?” అన్నారు మెల్లగా.

“మంచి సరుకే సార్. అంత గొప్పది కాదు.”

‘గుస్తార్’ కొట్టి, కింద దే.దా. వేసి ఇచ్చాను. సుబ్బమ్మక్కకు చెబితే, “ఉన్నమాటే కదా రాసినావు,” అని బల్ల దగ్గరికి పోయింది.

మిషను కంపెనీది, కాగితం కంపెనీది, జీతమిచ్చినంతకాలం నా వేళ్లూ కంపెనీవే. నాకు నచ్చిందా లేదా అన్నది మాత్రం నేను జీతానికి ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా ఆ క్రియను ఇంకొక్కసారే వాడాను. అదీ సుబ్బమ్మక్క బల్ల సరుకుకే.