ముప్ఫై ఏడో ప్లేటు

రిటైర్మెంటుకు పదకొండు నెలల ముందు, ఫిబ్రవరి రెండో సోమవారం నాడు, నాకు నూట నలభై గాజు నెగటివ్ ప్లేట్లు అప్పగించారు. అప్పుడు నేను మెల్బోర్న్‌లోని ఒక మ్యూజియంలో పాత ఫొటోల సంరక్షణ చూసే సీనియర్ కన్సర్వేటర్‌ని. కార్లను వరుసలో తయారుచేయడం మొదలైన కొత్తల్లో ఒక ఫ్యాక్టరీ తన కేటలాగు కోసం తీయించినవి అవి. ఒక్కో విడిభాగాన్నీ ఒక కార్మికుడు పట్టుకుని నిలబడేవాడు. తర్వాత నెగటివ్ మీద ఆ మనిషిని ఎర్రరంగుతో కప్పేసేవారు. రంగు వెలుతురును ఆపుతుంది కనుక ప్రింటులో ఆ చోటు తెల్లగా వచ్చి, విడిభాగం ఒక్కటే కనిపించేది.

ముప్ఫై ఏడో ప్లేటు కవరు మీద పెన్సిల్‌తో "ముందు తలుపు. పట్టుకున్నది టామ్ హార్కిన్. 8 సెకన్లు" అని ఉంది. ఆ పేరు మా వెబ్‌సైట్‌లో చూసి, నగర శివారులోని వెర్రిబీ నుంచి అతని కూతురు మార్గరెట్ వచ్చింది. వయసు ఎనభై రెండు. ఏడాది పిల్లగా ఉన్నప్పుడే తండ్రి పోయాడట. ఇంట్లో ఆయన ఫొటో ఒక్కటీ లేదు.

"రంగు కింద మీ నాన్నగారు ఉన్నారు. వారంలో చూపిస్తాను" అన్నాను. అప్పటికి నేను ప్లేటును రంగున్న వైపే చూశాను.

"ఎనభై ఏళ్ళు ఆగాను, ఇంకో వారం ఆగలేనా డార్లింగ్!" అని నవ్వింది.

పూసిన రంగూ చరిత్రే కనుక తీయడానికి క్యూరేటర్ సంతకం కావాలి. అది తెచ్చుకున్నాను. స్కానింగ్ చూసే సుజాత మాత్రం ఊరుకోలేదు. "ఆంటీ, బోత్ సైడ్స్ చెక్ చేయకుండానే ప్రామిస్ చేశారా? అదే మేం చేసుంటే క్లాస్ పీకేవారు కదా!"

తడి దూదితో రెండు రోజులు తుడిచాను. తలుపు అంచున వేళ్ళు గోళ్ళతో సహా స్పష్టంగా ఉన్నాయి. భుజాల పైన మాత్రం మసక. షట్టర్ తెరిచి ఉన్న ఎనిమిది సెకన్లూ తలుపును కదలనివ్వని మనిషి, తల కదిపాడు. ఫొటోగ్రాఫర్‌కు కావలసింది తలుపే.

ఎనిమిదో రోజున మార్గరెట్ వచ్చి ప్రింటు చాలాసేపు చూసింది. ఇది ఆయనేనా అని అడిగింది. కవరు మీద పేరు ఆయనదేనన్నాను.

"పేరు నా దగ్గర ముందే ఉంది, డార్లింగ్."

ప్రింటు తీసుకోకుండా వెళ్ళిపోయింది.

ప్లేటును రంగు లేని వైపుకు తిప్పి, వాలు వెలుతురులో పెట్టి ఉంటే ఆ మసక మొదటిరోజే కనిపించేది. అందుకు మూడు నిమిషాలు చాలు. రెండు వైపులా చూడనిదే, అందులో ఎవరున్నారో వచ్చినవారికి చెప్పకూడదు.