బయటికి తెరుచుకునే తలుపు

మా ఆవిడకి తలకి ఆపరేషన్ చేశాక ఫిట్స్ మొదలయ్యాయి. ఎప్పుడొస్తాయో తెలీదు. డిశ్చార్జి చేస్తూ విజయవాడ డాక్టరుగారు ఒకటే మాట చెప్పారు, బాత్రూముకి లోపల గడియ ఉండకూడదు, ముందు అది పీకించెయ్యండి అని. బందరు రాగానే స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్ళాను. ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ ఈ ఇంట్లో నాదంటూ ఉన్న గది ఇదొక్కటేనండీ. దీనిక్కూడా గడియ వద్దా?"

నిజమే. మాది అన్నదమ్ముల ఉమ్మడి లోగిలి. ఎవరి గదిలోకి ఎవరైనా వచ్చేస్తారు, ఓ పిలుపుండదు, ఓ దగ్గుండదు. ఆవిడ ఏడవాలన్నా అక్కడే ఏడ్చేదని నాకు తెలుసు. గడియ తీసేస్తే మనిషి లోలోపల చచ్చిపోతుంది. ఉంచితే నిజంగానే పోతుందేమోనని నా భయం.

నాది రోల్డ్‌గోల్డ్ నగలకి అచ్చులు చేసే పని. బెజ్జాలతోనే బతుకు. ఆలోచించగా ఒక ఉపాయం తట్టింది. తలుపు బయటికి తెరుచుకునేలా తిప్పితే మడతబందులు కూడా బయటివైపుకే వస్తాయి. నడుమ పిన్ను ఊడొచ్చే రకం బందులు వేస్తే, ఆవిడ లోపల గడియ పెట్టుకున్నా సరే, నేను బయట పిన్నులు లాగేసి తలుపు ఊడదీయొచ్చు. గడియ ఆవిడకి, పిన్నులు నాకు.

మా అక్క గుడివాడ నుంచి ఫోన్ చేసి మరీ తిట్టింది. "బయటికి తీసే తలుపు అరిష్టంరా, లక్ష్మి వెళ్ళిపోతుంది." బాత్రూములో లక్ష్మికేం పనే అన్నాను.

మేస్త్రీ ద్వారబంధం తిప్పి పెట్టాడు. తర్వాత వడ్రంగి వచ్చాడు. మా వైపు చాలామందికి ఒక అలవాటుంది. స్క్రూని సుత్తితో మేకులా దిగ్గొట్టి, చివర్లో రెండు తిప్పులు తిప్పి, అయిపోయిందండీ అంటారు. నేను టీ తాగి వచ్చేసరికి అతనూ అదే చేశాడు. చెక్క పీచు ఎటు లాగితే స్క్రూలు అటు వంగి దిగాయి. మూడు బందులూ ఒక గీతలో లేవు. పిన్ను పట్టుకారుతో లాగినా రాలేదు.

"తలుపు తెరుచుకుంటోందిగా బాబాయిగారూ, పిన్నుతో మీకేం పని?" అన్నాడు. నోటికొచ్చినట్టు తిట్టి పంపేశాను. ఆ పిన్ను మీద ఒక ప్రాణం ఉందని అతనికేం తెలుసు.

ఆదివారం నేనే కూర్చున్నాను. పాత బెజ్జాల్లో జిగురు రాసిన టేకు పుల్లలు దిగ్గొట్టి, ఆరాక చదును చేశాను. దారానికి గుండు కట్టి వేలాడదీసి నిలువుగీత గీశాను. బందుని గీతకి ఆనించి, ప్రతి కన్నం నడిబొడ్డున పంచ్‌తో గంటు పెట్టాను. గంటు లేకపోతే డ్రిల్లు బిట్టు జారి పక్కకి పోతుంది. స్క్రూ కన్నా కాస్త సన్నమైన బిట్టు వేసి, ఎంత లోతు దిగాలో అంతవరకూ దాని మీద టేపు చుట్టాను. స్క్రూలు ఇత్తడివి, బందరు ఉప్పుగాలికి ఇనుము ఆగదు. కానీ ఇత్తడి మెత్తన, బెజ్జం మరీ ఇరుకైతే తల తెగిపోతుంది. ఊపిరి బిగబట్టి డ్రిల్లు తిన్నగా దించాను. బిగించాక పిన్నులు వేలితో ఎత్తితే పైకొచ్చాయి.

ఆవిణ్ణి లోపల గడియ పెట్టుకోమని, తలుపు ఊడదీసి చూపించాను. "దొంగల్లో కలిస్తే పైకొస్తారండీ మీరు," అని నవ్వింది. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు.

వానాకాలంలో ఓ మధ్యాహ్నం బాత్రూములో చెంబు దొర్లిన చప్పుడైంది. వెంటనే గోడకి ఏదో కొట్టుకుంటున్న చప్పుడు. అది ఆవిడ తల. పిలిచాను, అరిచాను. కింద పిన్ను, నడిమి పిన్ను, పై పిన్ను, అన్నీ ఇట్టే వచ్చేశాయి. తలుపు నా చేతుల్లోకి వచ్చింది. ఆవిడ తడి నేల మీద కొట్టుకుంటోంది, నోట్లో నురగ, ఒంటి మీద నూలుపోగు లేదు. ఊపిరి మాత్రం ఉంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పటికే నా కేకలకి లోగిలంతా వచ్చేసింది. అన్నయ్య, తమ్ముడు, మరదలు, ఎదురు వాటాలో అద్దెకున్నవాళ్ళు. వెనక్కి పొండి అని అరిచాను. ఎవరూ కదల్లేదు. మూయడానికి తలుపేదీ, అది నా చేతుల్లోనే ఉంది. దాన్ని అవతల పారేసి ఆవిడ మీద పంచె కప్పేసరికి అందరూ చూసేశారు. కాసేపటికి కళ్ళు తెరిచిన ఆవిడ నన్ను చూడలేదు. నా భుజం మీదుగా వాళ్ళని చూసింది.

సాయంత్రం తలుపు మళ్ళీ ఎక్కించాను. ఒక్క స్క్రూ కూడా వదులు కాలేదు. పనికి వంక పెట్టడానికి లేదు, అదే నాకు ఒళ్ళు మండించింది.

మర్నాడు ఆవిడ స్నానానికి వెళ్ళింది. గడియ చప్పుడు కోసం ఆగాను. రాలేదు. వెళ్ళి చూస్తే తలుపు బార్లా తీసి ఉంది, ఆవిడ చెంబుతో నీళ్ళు పోసుకుంటోంది.

"గడియ పెట్టుకోవే," అన్నాను.

ఆవిడ తల తిప్పలేదు. "ఇంకా చూడాల్సినవాళ్ళు ఎవరున్నారండీ?" అంది.