దేవకమ్మ మిద్దె, జారిన కొండ

ఆదిమూలానికి గంగమ్మ పూని దేవకమ్మ మిద్దెను ఆపించిందని కరకంబాడి దారి పొడుగునా చెప్పుకుంటారు. అబద్ధం. అమ్మవారు పూనాలంటే ముందు మనిషి స్నానం చేసి ఉండాలి. రాళ్లు కొట్టే ఆదిమూలం స్నానం సంగతి వాళ్లావిడను అడగండి.

డెబ్భై తొమ్మిదిలో దేవకమ్మ, మొగుడు పోయినా గుండె దిటవు చేసుకుని, ఇద్దరు పిల్లలకు మిద్దె వేయాలనుకుంది. నైరుతిలో ఎంత బరువుంటే అంత మంచిదని సిద్ధాంతి చెప్పాడు. నైరుతిలో ఏకంగా కొండే ఉంది కదా! మిద్దెను దానికే ఆనిద్దామని, కొండ కింది దిబ్బ పాదం తవ్వించడం మొదలుపెట్టింది. పునాది రాళ్లకు ఆదిమూలాన్ని పిలిచింది.

ఆయన రెండు రాళ్లు తట్టి, బీడీ వెలిగించి, దిబ్బ చుట్టూ తిరిగొచ్చాడు.

"అక్కా, ఈడ వద్దు. పైన కొండలో రాతిపలకలు సూడు, అన్నీ నీ పక్కకే వాలుండాయి. దిబ్బలో ఒక్కటీ సక్కంగా లేదు. ఒకటి నిలబడుకోనుండాది, ఇంకోటి ఎల్లకిలా పడుండాది. మీ తాతల తాత పుట్టకముందే కొండలో సగం జారి ఈడ పడింది. ఆ పడిందే ఇప్పుడు పైదానికి ఆసరా. నువ్వు దాని కాళ్లు తవ్వుతా ఉండావు."

"జారేదానికి కొండేమన్నా నీ పంచనా?" అంది దేవకమ్మ.

"కొండ దేవుడిది, కదలదు" అన్నాడు సిద్ధాంతి.

"దేవుడిదే సామీ. జారేది రాయి. పలకల కింద మెత్తటి మట్టిపొర ఉండాది, తడిస్తే సబ్బుముక్కే."

నోటితో చెబితే వినరని పది కడవల నీళ్లు మోసి దిబ్బ నెత్తిన నెర్రెలో పోశాడు. కూలోళ్లు సంగటి తిని లేచేసరికి, తవ్విన గోడ అడుగున ఎర్రమన్ను తడిసి నీళ్లు కారుతున్నాయి.

"ఉచ్చ పోసినావా మామా?" అన్నాడు కూలి గోవిందు.

"పది కడవలు పోసేవాణ్నయితే ఈడ రాళ్లెందుకు కొడతానురా?"

దేవకమ్మ ఆ మన్ను వేళ్లతో నలిపింది. జర్రున జారింది. గుంతలో ఆడుకుంటున్న పిల్లల వైపు చూసింది.

"పైకి రాండి" అంది. అంతే.

మిద్దె నూరడుగులు ఇవతల, చేను గట్టున లేచింది. గృహప్రవేశానికి సిద్ధాంతి రాలేదు. కార్తీకం వానలకు దిబ్బ ముందుభాగం గుంతలోకి దిగి, ఆయన ముగ్గు పోయించిన చోట రెండాళ్ల ఎత్తు మట్టి నిలిచింది.

ఇప్పుడు లారీలవాళ్లు మట్టి కోసం ఆ పాదమే మళ్లీ తవ్వుతామని వచ్చారట. మోకాళ్లు వంగని ఆదిమూలం మంచం తెచ్చి, లారీకి అడ్డంగా వేసుకుని పడుకున్నాడట. రెండు వారాలుగా నాకు కబురు లేదు. అటు బస్సులో పోయేవాళ్లు ఒక్కసారి దిగి, మంచమూ మనిషీ ఉన్నారో లేదో చూసి ఒక కార్డు ముక్క రాయండి. పోతూ ఒక బీడీకట్ట తీసుకెళ్లండి.